పడమటి గాలి రోజులు

అహ్మదాబాద్,
3 జూన్ 2011

పిన్నీ,

నమస్కారం. ఆదివారం ఫోన్‌లో సగం చెప్పి ఆపేసిన సంగతి ఇది. అంకెలున్న మాటలు ఫోన్‌లో వద్దు, కాగితం మీదైతే ఇద్దరి దగ్గరా ఉంటాయని నువ్వే అన్నావు కదా.

నా పరిశోధన వెలుతురు గురించి. ఎండ పైనుంచి దిగి వచ్చేటప్పుడు కొంత గాలిలో చెదిరిపోతుంది, కొంత దుమ్ము మింగేస్తుంది. మిగిలింది చెరువు నీళ్ళ మీద పడి, మళ్ళీ పైకి లేచి, ఉపగ్రహం కంటికి చేరుతుంది. ఈ రాకపోకలన్నిటినీ లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి మా దగ్గర ఉంది. ప్రోగ్రాం చెప్పిన మెరుపూ ఉపగ్రహం చూసిన మెరుపూ ఒకటి కావాలి. అదే నా పని.

ఇందులో నీ అవసరం ఎక్కడంటే, నీళ్ళు కదలకుండా ఉంటే మెరుపు ఒక్కచోటే ఉంటుంది. గాలి వీస్తే సన్నటి ముడతలు పడి చెదిరిపోతుంది. ముడతలు ఎటు పడ్డాయో తెలియాలంటే గాలి దిక్కు తెలియాలి. నేను తీసుకున్న మూడు చెరువుల్లో రెండింటి దగ్గర గాలి కొలిచే పరికరం ఉంది. షామీర్‌పేట చెరువు దగ్గర లేదు. నువ్వు ఉన్నావు. గ్యాస్ బండ మార్చిన తేదీలు పదేళ్ళవి వరసగా చెప్పగలిగిన మనిషి ఇంకెవరూ నాకు తెలియదు.

ఉపగ్రహం మన చెరువు మీదుగా పోయేది ఉదయం పదీ నలభైకి. రోజూ ఆ వేళకి గాలి దిక్కు, జోరు రాస్తే చాలు. నెలకోసారి పంపు. మార్చిలో కమిటీ కూర్చుంటుంది. మూడు చెరువుల లెక్కలూ కుదిరితేనే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేకపోతే పరిశోధన ఇక్కడితో ఆపి ఉద్యోగం వెతుక్కోవాలి. నిన్ను భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని రాశాను.

బాబాయికి నమస్కారాలు.

నీ అనూ

షామీర్‌పేట,
16 జూన్ 2011

చిరంజీవి అనూహ్యకు పిన్ని లలితకుమారి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు మామూలుగా, మూడోసారి పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివాను. ఇన్నేళ్ళూ ఆ చెరువు పక్కనుంచే కూరలకి వెళ్తున్నాను. అది ఒక్కో రోజు ఒక్కోలా ఎందుకు మెరుస్తుందని ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది.

ముందు మేడ మీద కర్రకి పాత చీర అంచు కట్టాను. రెండు రోజులకే అనుమానం వచ్చింది. పక్క స్థలంలో కొత్తగా మూడంతస్తులు లేచాయి కదా. గాలి ఆ గోడకి కొట్టుకుని మన మేడ మీద సుడి తిరుగుతోంది. చీర అంచుకి పూనకం వచ్చినట్టుంది. అది చెరువు గాలి కాదు, పక్కింటి గాలి. అందుకని కట్ట మీదికే వెళ్తున్నాను. ఇంటి నుంచి పన్నెండు నిమిషాలు.

మనింట్లో పనిచేసే జయమ్మ మొదటిరోజే గేటు దగ్గర ఆపింది. "ఏందమ్మా, గీ ఎండల పుస్తకం వట్టుకొని యాడికి?" అంది. గాలి ఎటు వీస్తుందో రాసుకోవడానికన్నాను. "గాలికి హాజరు ఏస్తవా! రాకుంటే ఏం జేస్తవ్, పేరు గొట్టేస్తవా?" అని గేటు పట్టుకుని నవ్వింది.

కట్ట మీద ముర్తుజా అని ఒకాయన మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతాడు. మూడు రోజులు నన్ను చూసి, నాలుగో రోజు స్టూలు జరిపాడు. "నిలవడి పరేషాన్ ఎందుకమ్మా, గీడ కూసోండ్రి. కొంగు జూస్తే ఏం దెలుస్తది? నా బొగ్గుల పొగ జూడుండ్రి. దాని ముంగట ఎవ్వరి మాటా నడవది" అన్నాడు. నిజమే. పొగ చాలా శుభ్రంగా చెబుతుంది. ఆ పొగనే రాస్తున్నాను.

బాబాయి సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో దిక్సూచి కొనుక్కొచ్చారు. దాన్ని గడప మీద పెట్టి చూస్తే, వాస్తు ప్రకారం కట్టిన మన తూర్పు ముఖం ఇల్లు పన్నెండు డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది. ఈ సంగతి కాలనీలో ఎవరికీ చెప్పొద్దని బాబాయి ఆజ్ఞ.

జోరుకి నాకు నేనే ఒక కొలత పెట్టుకున్నాను. పొగ నిలువుగా లేస్తే సున్నా, కాస్త వంగితే ఒకటి. ఆకులు కదిలితే రెండు, కొంగు నిలవకపోతే మూడు. ముర్తుజా గొడుగు మూసేస్తే నాలుగు. నేను వెళ్ళలేని రోజున గీత పెడతాను, ఊహించి రాయను.

ఒకటి అడగాలి. ఆ ఉపగ్రహానికి మన చెరువు ఎంత కనిపిస్తుంది? కట్ట మీద స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి కనిపిస్తుందా?

పిన్ని

అహ్మదాబాద్,
12 ఆగస్టు 2011

పిన్నీ,

జూన్, జూలై కాగితాలు రెండూ అందాయి. నువ్వు కనిపించవు. చెరువే చిన్న చుక్కల గుంపులా ఉంటుంది. నీ గీతలూ కాలమ్‌లూ చూసి మా గదిలో అమ్మాయిలు అచ్చు వేయించావా అని అడిగారు.

ఒక్క సందేహం, కోపం తెచ్చుకోకు. వానాకాలంలో మన వైపు గాలి పడమర నుంచి రావాలి. నీ జూలై కాగితంలో దాదాపు అన్ని రోజులూ తూర్పు అని ఉంది. మా సార్ అది చూసి, "మీ పిన్నిగారి ఊళ్ళో ఋతుపవనం అప్పుడే ఇంటికి తిరిగి వెళ్ళిపోతోందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తప్పే. దిక్సూచి గానీ తిరగేసి పట్టుకున్నావా?

అనూ

షామీర్‌పేట,
19 ఆగస్టు 2011

అనూకి,

దిక్సూచి సరిగ్గానే పట్టుకున్నాను. నువ్వు దిక్కు రాయమన్నావు, పొగ పోయే దిక్కు రాశాను. పొగ తూర్పుకి పోతోంది, తూర్పు అని రాశాను. వచ్చే దిక్కు కావాలని నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరిదీ చెరిసగం.

అయినా ఇది నన్ను నాలుగు రోజులు వదల్లేదు. సుచిత్రలో నిలబడి చూస్తే మేడ్చల్ బస్సుకి మేడ్చల్ అనే బోర్డు ఉంటుంది. ఎక్కడికి పోతుందో అదే దాని పేరు. గాలికి మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో ఆ పేరెందుకు? ముర్తుజాని అడిగాను. "పోయేదానితోని మనకేం పనమ్మా? వచ్చేదే మొకానికి తాకుతది. వాన తెస్తాందా, దుమ్ము తెస్తాందా, ఆ దిక్కు జూస్తెనే ఎరుకైతది. నా బండి గూడ గాలి వచ్చే దిక్కుకెల్లి మలుపుకుంట, లేకుంటే పొగంత గిరాకీ కండ్లల్లనే" అన్నాడు. ఇది బాగానే ఉంది. కానీ బస్సు సంగతి ఇంకా తేలలేదు. సముద్రంలో ప్రవాహాలకి ఏ పద్ధతి? పోయేదా, వచ్చేదా? తెలిస్తే రాయి.

రెండు నెలల కాగితాలూ వచ్చే దిక్కుకి మార్చి మళ్ళీ రాశాను. ఇక ముందు కూడా అలాగే రాస్తాను. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. పాతవి నీ దగ్గర ఉంచకు.

నాకు కోపం రాలేదని మీ సార్‌కి చెప్పు. నవ్వడం వరకు న్యాయమే.

పిన్ని

అహ్మదాబాద్,
20 ఆగస్టు 2011

పిన్నీ,

నీ జవాబు కోసం ఆగలేక మళ్ళీ రాస్తున్నాను. నీ జూన్ కాగితం అడుగున చిన్న అక్షరాలతో 'పొగ పోయే దిక్కు' అని ఉంది. నేను చూడలేదు. తప్పంతా నాదే. ఇక్కడ అంకెలు ఎక్కించే చోటే ఒక వరస రాసేశాను, అన్ని దిక్కుల్నీ అదే వెనక్కి తిప్పేస్తుంది. నువ్వేమీ మార్చక్కర్లేదు. ఇప్పుడెలా రాస్తున్నావో అలాగే రాస్తూ ఉండు.

మా సార్‌కి చూపించాను. "సరే, ఋతుపవనం మళ్ళీ వచ్చింది" అన్నారు. నీ దగ్గర నవ్వు మిగిలి ఉంటే ఆయనకి ఒకటి బాకీ.

అనూ

అహ్మదాబాద్,
9 జనవరి 2012

పిన్నీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడు చేశాను.

డిసెంబరు వరకూ నువ్వు పంపినవన్నీ ప్రోగ్రాంలో వేశాను. మబ్బు లేకుండా ఉపగ్రహానికి చెరువు కనిపించిన రోజులు ముప్ఫై ఒకటి. అందులో సగం రోజుల్లో లెక్కకీ, ఉపగ్రహం చూసినదానికీ అసలు పొంతన లేదు. మిగతా రెండు చెరువులూ ఏ ఇబ్బందీ లేకుండా కుదిరాయి. అక్కడి గాలి అంకెల్ని పరికరంతోపాటు వచ్చిన ప్రోగ్రామే మార్చి నేరుగా మా ప్రోగ్రాంకి అందిస్తుంది, నా చెయ్యి పడదు. షామీర్‌పేట ఒక్కటే కుదరడం లేదు. సార్ చెప్పేది స్పష్టంగానే ఉంది. పరికరం లేని చోట గాలి నమ్మలేం, ఆ చెరువు తీసేయమంటున్నారు. తీసేస్తే అధ్యాయం నిలబడదు. అధ్యాయం లేకపోతే మార్చి పద్నాలుగున కమిటీ ముందు పెట్టడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

ఒక మాట అడుగుతాను. నవంబరులో జ్వరం వచ్చినప్పుడు జయమ్మ వెళ్తానందని ఫోన్‌లో అన్నావు. ఆ రోజులు ఆవిడ చూసి చెప్పినవా? కొన్ని రోజులు మేడ మీంచే చూసి రాశావా? రాసినా నేనేమీ అనుకోను. రోజూ అంత దూరం నడవడం ఎవరికైనా కష్టమే. నాకు తెలిస్తే చాలు.

ఇక వెళ్ళొద్దు పిన్నీ. ఇప్పటికే ఎక్కువ శ్రమ పెట్టాను.

అనూ

షామీర్‌పేట,
18 జనవరి 2012

అనూహ్యకు,

నీ ఉత్తరం పద్నాలుగునే అందింది. మూడు రోజులు ఆగి రాస్తున్నాను. ఆ మూడు రోజులూ పదీ నలభైకి కట్ట మీదే ఉన్నాను.

జ్వరం వచ్చిన రోజుల్లో జయమ్మ వెళ్తానన్న మాట నిజమే. "గింత దానికి నేను వోత గానీ నువ్వు పండుకో అమ్మా. పొగ ఎటు వోతాందో జూసుడు నాకు రాదా?" అంది. వచ్చు. కానీ చూసిన మనిషి చేతే రాయించాలి, ఆవిడకి రాయడం రాదు. అందుకని వద్దన్నాను. ఫోన్‌లో నీకు చెప్పింది ఇదే, నువ్వు సగం విన్నావు. నవంబరు 8 నుంచి 13 వరకూ ఆరు రోజులకీ గీతలున్నాయి, నీ దగ్గరున్న కాగితం తీసి చూసుకో. మేడ మీంచి చూసి రాసినవి జూన్‌లో మొదటి రెండు రోజులు. వాటినీ కొట్టేసి పంపాను.

నేను తప్పు చూసి ఉండవచ్చు. చూడకుండా రాయలేదు.

ఇక అడిగేది ఒకటే. ముప్ఫై ఒక్క రోజుల్లో ఏ తేదీ కుదిరింది, ఏది కుదరలేదు, తేదీలవారీగా రాసి పంపు. 'సగం కుదరలేదు' అంటే నాకేమీ అర్థం కాదు. ఏ సగం? చూసే మనిషి తప్పు చేస్తే ఒక రోజిలా ఒక రోజలా చేస్తుంది. తప్పుకి ఒక వరస ఉంటే అది మనిషిది కాదు, ఇంకెక్కడో ఉంది. అది చూడాలని ఉంది. మీ కమిటీకి ఇంకా ఎనిమిది వారాలుంది కదా.

లలితకుమారి

అహ్మదాబాద్,
25 జనవరి 2012

పిన్నీ,

'లలితకుమారి' అని సంతకం పెట్టావు. తలుపు వేసుకుని చదివాను. నీ కాగితం తీసి చూశాను, ఆరు గీతలూ ఉన్నాయి. చూసి అడగాల్సింది, అడిగి చూశాను. క్షమించు.

తేదీల జాబితా వెనక పేజీలో ఉంది. మూడు రకాలుగా విడదీశాను. అసలు కుదరనివి పదిహేను, కొద్ది తేడాతో కుదిరినవి పద్నాలుగు, చక్కగా కుదిరినవి రెండే రెండు.

జాబితా చూసేటప్పుడు నీకొకటి తెలియాలి. గాలికి నీటి ముడతలు రేకుల షెడ్డు మీద రేకులా వరసగా పడతాయి. రేకుని ముందునుంచి చూసినా వెనకనుంచి చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. పక్కనుంచి చూస్తేనే వేరేగా కనిపిస్తుంది. గాలి కూడా అంతే. దిక్కుని ఎదురుగా తిరగేస్తే లెక్క కొంచెమే మారుతుంది. అడ్డంగా తిప్పితే మొత్తం మారిపోతుంది.

సముద్ర ప్రవాహాలకి పోయే దిక్కే పేరు, నీ మేడ్చల్ బస్సులాగే. ఆగస్టులో అడిగావు, ఇప్పుడు రాస్తున్నాను.

సార్ ఫిబ్రవరి ఆఖరు వరకూ ఆగుతానన్నారు. ఆ తర్వాత చెరువు తీసేయాల్సిందే.

అనూ

షామీర్‌పేట,
4 ఫిబ్రవరి 2012

అనూ తల్లికి పిన్ని ఆశీస్సులు.

ఇది నెమ్మదిగా చదువు, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకో.

నీ జాబితాలో తేదీలున్నాయి, నా పుస్తకంలో దిక్కులున్నాయి. రెండూ ఎదురెదురుగా రాశాను. అసలు కుదరని పదిహేను రోజుల్లో తొమ్మిది పడమటి గాలి, అయిదు తూర్పు గాలి, ఒకటి ఉత్తరం. కొద్ది తేడాతో కుదిరిన పద్నాలుగులో అయిదు నైరుతి, తొమ్మిది ఈశాన్యం. చక్కగా కుదిరిన రెండూ ఆగ్నేయం. ఒక్క రోజు కూడా వరస తప్పలేదు. నా చూపు చెడిపోతే నైరుతి గాలి రోజుల్లో బాగుపడి, పడమటి గాలి రోజుల్లో మళ్ళీ చెడుతుందా? అది చూశాక ఆ పూట అన్నం ఎప్పుడు తిన్నానో గుర్తులేదు.

కాగితం మీద నాలుగు వైపులా నాలుగు దిక్కులు, మూలల్లో నాలుగు మూలలు రాశాను. కుదిరినవాటికి ఎర్ర చుక్క, కుదరనివాటికి నల్ల చుక్క. ఎర్ర చుక్కలు మూలల్లో, నల్లవి వైపుల మీద పడ్డాయి. నైరుతి నుంచి ఈశాన్యానికి గీత గీసి, కాగితాన్ని ఆ గీత మీద మడిచాను. పడమర వెళ్ళి దక్షిణం మీద పడింది. ఉత్తరం వెళ్ళి తూర్పు మీద పడింది. నైరుతి, ఈశాన్యం కదల్లేదు. జయమ్మ చీపురు పట్టుకుని చూస్తూ, "గాలిని గూడ మడత వెట్టి బీరువల వెడ్తవా ఏందమ్మా?" అంది.

మీ ప్రోగ్రాం అదే చేస్తోంది అనూ. మన పడమటి గాలిని దక్షిణపు గాలిలా, తూర్పు గాలిని ఉత్తరపు గాలిలా అడ్డంగా తీసుకుంటోంది.

ఎందుకో నాకు తట్టలేదు. బాబాయి కంపెనీలో డ్రాయింగుల పని ముగించుకుని రాగానే కాళ్ళు కడుక్కోనివ్వకుండా కాగితం చూపించాను. "నువ్వు ఉత్తరం దగ్గర సున్నా పెట్టి గడియారం ముల్లులా తిరుగుతావు. మా డ్రాయింగుల్లో సున్నా కుడిచేతి వైపు ఉంటుంది, అపసవ్యంగా పైకి తిరుగుతుంది. లెక్కలవాళ్ళందరికీ అదే అలవాటు" అన్నారు. పటంలో కుడిచేతి వైపు తూర్పు. తూర్పున సున్నా, అక్కణ్ణుంచి అపసవ్యంగా వెళ్తే తొంభైకి ఉత్తరం వస్తుంది. నువ్వు తొంభై అంటే తూర్పు అనుకుని ఇస్తున్నావు. అది ఉత్తరం అనుకుని పుచ్చుకుంటోంది. ఇద్దరూ ఎవరి పద్ధతిలో వాళ్ళు సరిగ్గానే ఉన్నారు. పోయినసారి నువ్వూ నేనూ ఉన్నట్టు.

ఇంకా ఒకటి మిగిలింది. మడత ఒక్కటే అయితే నైరుతి, ఈశాన్యం రోజులు చక్కగా కుదరాలి. ఆగ్నేయం ఎదురు తిరిగి వాయవ్యం మీద పడుతుంది కాబట్టి అక్కడ కొద్ది తేడా రావాలి. నీ జాబితాలో సరిగ్గా ఇది తలకిందులుగా ఉంది. అంటే మడతతోపాటు ఎవరో అన్నిటినీ ఒకసారి వెనక్కి తిప్పారు కూడా. ఉత్తరాల కట్ట తీశాను. ఆగస్టు 20న నువ్వు, 'ఒక వరస రాసేశాను, అదే వెనక్కి తిప్పేస్తుంది' అని రాశావు. ఆ ముందురోజే నేను అన్నీ తిప్పి రాసి పోస్టు చేశాను. 'ఇప్పుడెలా రాస్తున్నావో అలాగే' అన్నావు కాబట్టి వచ్చే దిక్కే రాస్తూ పోయాను. కొత్త కాగితాలు అందాక ఆ వరస తీసేశావా?

నేను చెప్పినదంతా తప్పైనా కావచ్చు. నీ దగ్గర ప్రోగ్రాం ఉంది, నా దగ్గర కాగితమే ఉంది. అది ఎక్కడినుంచి లెక్కపెడుతుందో దాని పుస్తకంలో ఎక్కడో రాసే ఉంటుంది. వెతుకు.

ఆత్రంగా ఉన్న
పిన్ని

అహ్మదాబాద్,
16 మార్చి 2012

పిన్నీ,

ఫోన్‌లో 'అయింది, అంతా రాస్తాను' అని పెట్టేశాను. ఇప్పుడు అంతా రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే వెతికాను. ప్రోగ్రాంతోపాటు వచ్చే పుస్తకంలో, ఆఖరి అనుబంధంలో ఒక్క వాక్యం ఉంది. గాలి దిక్కు తూర్పు నుంచి, అపసవ్యంగా. మా ల్యాబులో ఆ పేజీ దాకా ఎవరూ వెళ్ళరు. దిక్కుని ఉత్తరం నుంచి లెక్కపెట్టి ఎక్కించేలా ఎప్పుడో ఒక సీనియర్ చేసి పెట్టిన ఫైలు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళంతా దాన్ని నకలు చేసుకుని, తమ అంకెలు వేసుకుంటారు. నేనూ అంతే. ఇక నా ఆగస్టు వరస అలాగే ఉంది. తీయలేదు. నువ్వు తిప్పావు, నేనూ తిప్పాను.

రెండూ సరిచేసి మళ్ళీ నడిపాను. ముప్ఫై ఒకటిలో ఇరవై తొమ్మిది కుదిరాయి. మిగిలిన రెండు రోజులూ చెరువు మీద పల్చటి మబ్బు ఉందని తర్వాత తేలింది.

పద్నాలుగున కమిటీ ముందు నిలబడి, నువ్వు చెప్పినట్టే కాగితం మడిచి చూపించాను. ఒక పెద్దాయన అడిగారు, ఈ తప్పు ఇన్నేళ్ళూ ఎందుకు బయటపడలేదని. సార్ లేచారు. ఆయన ముఖం ఎలా ఉందో చెప్పలేను. "మేమంతా అరేబియా సముద్రం మీద పనిచేశాం. అక్కడ వానాకాలం నైరుతి గాలి, చలికాలం ఈశాన్యం. రెండూ ఈ మడత మీదే ఉన్నాయి. ఎప్పుడూ కుదురుతూనే వచ్చింది" అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. గాలి మారే నెలల్లో, ఏప్రిల్‌లో, అక్టోబరులో లెక్క కుదిరేది కాదట. ఓడల మీద గాలి రాసినవాళ్ళు సరిగ్గా చూడలేదని పదకొండేళ్ళుగా ఆ రోజులన్నీ పక్కన పడేశారట. "అవన్నీ బయటికి తీయాలి, ఈ అమ్మాయే తీస్తుంది" అన్నారు.

షామీర్‌పేట అధ్యాయం ఉంచారు పిన్నీ. ఫెలోషిప్ ఏడాది పొడిగించారు. నిన్న కాగితం చేతికి వచ్చింది.

నీ అసలు పుస్తకం పంపమని సార్ అడుగుతున్నారు. నాకు పంపినవి కాదు, కట్ట మీద నువ్వు మొదట రాసుకున్నది. పొగ పోయే దిక్కు రాసిన పేజీలతో సహా. చూసిన మనిషి అప్పుడు రాసిందే అసలైన సాక్ష్యమన్నారు. రిజిస్టర్ పోస్టులో పంపుతావా?

జనవరిలో నేను రాసిన ఉత్తరం నీ కట్టలో ఉంటే తీసి పారేయవా?

అనూ

షామీర్‌పేట,
24 మార్చి 2012

చిరంజీవి అనూహ్యకు పిన్ని ఆశీస్సులు.

ఏడాది పొడిగించారన్న వాక్యం బాబాయికి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి ఆయనే తీసుకుని చదువుకున్నారు. జయమ్మకి చెబితే, "అయితే గాలి పాసైనట్టేనా?" అంది. ముర్తుజాకి కాగితం మడిచి చూపించాను. చాలాసేపు చూసి, "గంత పెద్ద సదువుల గూడ దిక్కు అడగకుంట వోతరా అమ్మా!" అన్నాడు. అడగకుండా వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నానని చెప్పాను.

నీ జనవరి ఉత్తరం పారేయను. అందులో 'సగం రోజులు' అని నువ్వు రాయకపోతే ఏ సగం అని నేను అడిగేదాన్ని కాదు. అది దాని తేదీ దగ్గరే ఉంటుంది.

పుస్తకం మాత్రం పోస్టులో పంపను. ఒక్కటే ఉంది, ఇంకా రాస్తున్నాను. నీకు ఇంకో ఏడాది ఇచ్చారు కదా, నాకూ ఇచ్చినట్టే. మీ సార్ చూడాలనుకుంటే ఇక్కడికే రమ్మను. సికింద్రాబాద్‌లో దిగి, జూబ్లీ బస్టాండులో షామీర్‌పేట బస్సెక్కి, కట్ట దగ్గర దిగితే నేనే కనిపిస్తాను. పదిన్నర లోపు రమ్మను. పదీ నలభైకి నేను ఎవరితోనూ మాట్లాడను.

నీ ఉత్తరంలో ఒక చోట ఆగిపోయాను. ఆ ఓడల మీద గాలి రాసినవాళ్ళు. పదకొండేళ్ళపాటు ఏప్రిల్‌లో, అక్టోబరులో ఎవరో డెక్కు మీదికి వెళ్ళి, చూసి, రాసి పంపారు. ఇటు మీరేమో, వాళ్ళు సరిగ్గా చూడలేదని వాటిని పక్కన పడేశారు. వాళ్ళకి ఆ సంగతి తెలుసా? తెలిసి ఊరుకున్నారా? తెలియకుండా ఇంకా రాస్తూనే ఉన్నారా? నన్నైతే నువ్వు అడిగావు, అందుకే జవాబు చెప్పగలిగాను. వాళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు.

ఆ కాగితాల కింద పేర్లుంటాయి, లేకపోతే ఓడ పేరైనా ఉంటుంది. అవీ తేదీలూ నాకు పంపు. మీరు రాసిన దిక్కు సరైనదేనని ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాస్తాను. రోజూ పదకొండు గంటల తర్వాత నాకు ఖాళీయే.

పిన్ని